మూడు తోకల పురుగులు

"ఓ యేసయ్యా!" అని నర్సక్క పెట్టిన కేకకు కోళ్ళు గోడెక్కినయ్.

కొడుకు టిఫిన్ డబ్బాల కూర ఉందనుకొని మూత తీసింది. లోపల నీళ్ళు. నీళ్ళల్ల పురుగులు. ఒక్కోదానికి మూడేసి తోకలు.

"అవ్వా, పారబోయకే! నా బతుకంత అండ్లనే ఉన్నది!" అనుకుంట ఆనంద్ ఉరికొచ్చి డబ్బా గుంజుకున్నడు.

పిలగానికి పిచ్చి లేసిందనుకునేరు. కాదు, అంతకన్న పెద్ద రోగం.

బీర్పూర్ దగ్గర గోదావరిల ఆనంద్‌కు ఒక పడవ ఉంది. ఆ మధ్య పడవలోళ్ళందరిని జగిత్యాలకు పిలిచి ఆఫీసోళ్ళు మీటింగ్ పెట్టిన్రు. నది పానం ఎట్లున్నదో సర్వే చేస్తరట. అది ఎట్ల చెయ్యాల్నో ప్లాన్ గీసింది రజిత. సిరిసిల్ల పిల్ల, బట్ట నేసే సాంచాలు నడిపే ఇంటి బిడ్డ.

"బట్ట తాను మొదటి మూర చూసి గుడ్డంత మంచిదంటమా? నడుమ నడుమ ఇప్పి చూడాలె. నది గూడ గంతే. మనకు నచ్చిన చోట కాదు, లాటరీల వచ్చిన చోటనే చూడాలె" అన్నది. "రాళ్ళ కింది పురుగులు లెక్కపెడ్తం. నీళ్ళు మంచిగుంటేనే అవి బతుకుతయ్. రెండుసార్ల లెక్క కలిస్తే ఆ చోటు అయిపోయినట్టు. కలవకుంటే మళ్ళ పోవాలె."

ఆనంద్‌కు సర్వే సగమే సమజైంది. పిల్ల మాత్రం పూర్తిగ నచ్చింది.

లాటరీల తన రేవే రావాల్నని ప్రార్థన చేసిండు. వారం తిరగకముందే రజిత ఫోన్.

"మీ బీర్పూరే వచ్చింది!"

ఆనంద్ పడవల నిలబడి ఎగిరిండు. నీళ్ళల్ల పడ్డడు.

ఆదివారం ఆమె ఒక్కతే బస్సు దిగింది. ఆఫీసు జీపు ఖాళీ లేదట. మొదటి లెక్క అయింది. రెండోది గిట్ల కలిసిందంటే ఇగ రాదు! అందుకే ఆనంద్ వాగుకు పోయి డబ్బాల పురుగులు పట్టుకొచ్చిండు. ఆమె అటు తిరగంగనే పురుగులు పట్టే ఆమె వలల ఒంపిండు.

"అయ్యో, లెక్క కలవలే. మళ్ళ ఆదివారం రావాలె" అని రజిత నెత్తి కొట్టుకున్నది.

గట్ల ఎన్ని ఆదివారాలో! ఆమె సర్వపిండి తెచ్చుడు, ఇతను చేపల పులుసు తెచ్చుడు. లెక్క కలిస్తే ఒట్టు.

పోయిన వారం మాత్రం ఆనంద్ ఉండబట్టలేక అడిగిండు.

"మేడం, లెక్క తప్పితే మీ నౌకరి పోతదా?"

"పోతదేమో" అన్నది రజిత.

ఆనాటి సంది అన్నం సయిస్తలేదు. చెప్తే పిల్ల పోతది. చెప్పకుంటే పిల్ల నౌకరి పోతది. పాడుగాను, ఏం చెయ్యాలె? ఇయ్యాల గుండె దిటవు చేసుకొని, డబ్బా తీసుకపోయి ఆమె ముందట పెట్టిండు.

"తప్పు నాది మేడం. గీ పురుగులు..."

అప్పుడే గట్టు మీద కారు ఆగింది. గుట్ట మీది నర్సింహస్వామి దర్శనానికి వచ్చిన రజిత ఆఫీసు పెద్దసారు శ్యాంసుందర్ దిగిండు. ఆనంద్ డబ్బా ఎనుకకు దాచిండు. రజిత చేతిల వల జారి నీళ్ళల్ల పడ్డది.

సారు కళ్ళద్దాలు సర్దుకొని ఇద్దరినీ ఎగాదిగా చూసిండు.

"ఏమ్మా రజితా, మన లాటరీల బీర్పూర్ పేరే రాలేదు గదా, సెలవు నాడు ఇక్కడ ఏం లెక్కపెడుతున్నవ్?"