వయసు రుజువు

సాక్షుల బల్ల మీద ఎవరో కుంటి ముసలివాడు వచ్చి కూర్చున్నాడు.

మోకాళ్ల దాకా బురద. ఒంటి మీద తడిసిన గొంగళి. కర్ర పక్కన పెట్టుకుని ఎడమ కాలు నిమురుకుంటున్నాడు.

ఫుల్క్‌కి ఒళ్లు మండిపోయింది. అసలే పొద్దుటి నుంచి పళ్లు నూరుతున్నాడు.

నూరక ఏం చేస్తాడు? తండ్రి బారన్‌గారు పోయినప్పటి నుంచి పదమూడేళ్లుగా సొంత కోటలో పరాయివాడిలా బతికాడు. ఇరవై ఒకటి నిండేదాకా పిల్లల్నీ భూముల్నీ కాపాడమని రాజుగారు సర్ గెర్వాస్‌కి అప్పగించారు. ఆ పెద్దమనిషి కాపాడటం మానేసి మేశాడు. చెరువులో చేపలు తినేశాడు. నిరుడు ఓక్ తోపు మొదలంటా కొట్టించి అమ్ముకున్నాడు. ఇక చెల్లెలు మాబిల్ మిగిలింది. ఇద్దరు పెళ్లాల్ని పాతిపెట్టిన తన మేనల్లుడికి ఈస్టర్ వెళ్లగానే ఆ పిల్లని కట్టబెడతానంటున్నాడు.

ఈ రోజు ఫుల్క్ వయసు తేలితే ఆ పెళ్లి ఆగుతుంది.

అతనికి ఇంకా ఇరవయ్యేనని గెర్వాస్ వాదన. కాదనడానికి పన్నెండు మంది కావాలి. ఫుల్క్ పుట్టిన రోజున తనకేం జరిగిందో ఒక్కొక్కరూ చెప్పి, అందుకే ఆ రోజు గుర్తుందని ప్రమాణం చెయ్యాలి. పదకొండు మంది చెప్పేశారు. ఒకడి గడ్డివాము ఆ రోజే తగలబడింది. ఇంకొకడు ఆ రోజే తల్లిని పాతిపెట్టాడు.

పన్నెండోవాడు థర్‌స్టన్. బారన్‌గారి దగ్గర రౌతుగా ఉండి, ఫుల్క్‌కి ఊహ తెలియకముందే ఊరు వదిలి వెళ్లిన మనిషి. అతను నోరు విప్పితే గెర్వాస్ నోరు మూతపడుతుందని కబురంపింది ముసలి దివాన్‌జీ ఓస్బర్ట్. తనే ఎదురెళ్లి తీసుకొస్తానని తెల్లారకముందే వంతెన దగ్గరికి వెళ్లాడు.

ఫుల్క్ గుర్రపు డెక్కల చప్పుడు కోసం చెవులు రిక్కించి కూర్చున్నాడు.

"మీ నాన్న హయాంలో బిచ్చగాళ్లని కూడా బల్లలెక్కించేవారా అబ్బాయ్?" గెర్వాస్ నవ్వాడు.

అతని మనుషులూ నవ్వారు. విచారణకి వచ్చిన రాజుగారి అధికారి కూడా నవ్వు దాచుకుంటూ మూతి తుడుచుకున్నాడు.

గెర్వాస్‌ని ఏమీ అనలేని కోపమంతా ముసలివాడి మీదికి మళ్లింది. ఫుల్క్ వెళ్లి గొంగళి పట్టుకుని లాగాడు.

తనని రమ్మన్నారని ముసలివాడు ఏదో చెప్పబోయాడు. దానం రొట్టెలు గేటు దగ్గర ఇస్తారు, అక్కడ ఏడవమన్నాడు ఫుల్క్.

"చాలా దూరం నుంచి వచ్చాను బాబూ. కాలు..."

"లేస్తావా, ఆ కాలు విరగ్గొట్టమంటావా?"

ముసలివాడు అతని ముఖంలోకి చూశాడు. అక్కడ ఎవరి పోలికో వెతుకుతున్నట్టు కాసేపు అలాగే చూశాడు.

"అది ఎప్పుడో విరిగింది దొరా," అన్నాడు.

కర్ర తీసుకున్నాడు.

అతన్ని బయటికి నెట్టి గేటు మూసెయ్యమని ఫుల్క్ అరిచాడు. కాపలావాళ్లు గెర్వాస్ జీతగాళ్లు. ఫుల్క్ మాట వాళ్లు విన్నది అదే మొదటిసారి. ఆ కాస్తకే అతనికి కడుపుమంట కొంచెం చల్లారింది.

గడువు ముగిసిందంటూ మధ్యాహ్నం చర్చి గంట మోగింది.

ఇంకో గంట ఆగమని ఫుల్క్ అధికారిని బతిమాలాడు. చట్టం పన్నెండు మందిని అడిగింది గాని పదకొండు మందిని కాదన్నాడు గెర్వాస్. అధికారి కాగితాలు చుట్టేశాడు. మళ్లీ ఈ వైపు వచ్చేది వచ్చే ఏడాదే అని చెప్పి గుర్రమెక్కి వెళ్లిపోయాడు.

మూల కూర్చుని అంతా చూస్తున్న మాబిల్ ఏడవలేదు. అన్న వైపు చూడనూ లేదు. లేచి లోపలికి వెళ్లింది.

ఆమె వెనకాలే తలుపు పడిన చాలాసేపటికి దివాన్‌జీ రొప్పుతూ వచ్చాడు.

"థర్‌స్టన్ వచ్చాడా బాబూ? వంతెన దారిన రాలేదు. తోపు కొట్టేశారుగా, అడ్డంగా నడిచొచ్చేశాడేమో అనుకున్నాను."

"నడవడమేంటి? రౌతన్నావు కదా," అన్నాడు ఫుల్క్ మండిపడుతూ.

"మీరు పుట్టిన రోజు దాకా రౌతే," అన్నాడు దివాన్‌జీ. "ఆ రోజు మీరు కడుపులో అడ్డం తిరిగితే, మంత్రసాని కోసం మంచులో గుర్రాన్ని పరిగెత్తించి పడిపోయి, విరిగిన ఎడమ కాలు ఈడ్చుకుంటూ మైలు దూరం పాక్కుంటూ పోయి ఆవిడ తలుపు తట్టింది ఆయనే బాబూ."