వకుళ పట్టుకున్న గరిటె

అన్నప్రాశన నాడు బిడ్డ ముట్టుకునే వస్తువును ఎంచేది దేవుడా, దాన్ని దగ్గరగా జరిపిన పెద్దవాళ్ళా అని సోమయాజులుకు ఏళ్ళ తరబడి సందేహం. ఇప్పుడది మరీ ముదిరింది. విదేశీ విశ్వవిద్యాలయాలు ఆ ఘట్టాన్ని కెమెరాలో చూసి, పద్దెనిమిదేళ్ళ తరవాతి సీటును అప్పుడే రాసేసుకుంటున్నాయి.

అందుకే అతని భార్య హైమ స్టెతస్కోపుకు బెల్లంపాకం పూసి పెట్టింది. వాళ్ళ ఏడు నెలల కూతురు వకుళ దాన్ని ఓసారి నాకి, పుస్తకాన్నీ బంగారాన్నీ దాటుకుంటూ పాకిపోయి, పాయసం గిన్నెలోని గరిటెను పట్టుకుంది.

"వంటశాస్త్రం. నమోదైంది," అంది కెమెరా. "తండ్రి వంట చేస్తున్న వీడియో మూడు రోజుల్లో పంపాలి. లేకుంటే సీటు రద్దు."

"ఈయనా!" అంది హైమ. "పెళ్ళైన కొత్తలో ఒక్కపూట వండిపెడతానన్నారు. పదకొండేళ్ళైంది. దేవుడి మొక్కులన్నీ తీర్చారు, నాదొక్కటే మిగిలింది."

"దేవుడైతే ఉప్పు తక్కువైందని సాధించడు కదే!"

మర్నాడు సోమయాజులు దేవుడికి దండం పెట్టుకుని పప్పు పొయ్యి మీద పెట్టాడు. అది అడుగంటింది. అయినా ఆ వీడియోనే పంపితే, సీటు ఖాయమైందని కబురొచ్చింది.

హైమ పీట వాల్చుకుని దర్జాగా కూర్చుని, ఆ మాడుపప్పు కలుపుకుంటూ, "నెయ్యి వెయ్యండి," అంది.