ఆఖరి అంకం తర్వాత

నాటక సమాజమంతా అక్కయ్యా అని పిలుచుకున్న నటి సంతాపసభ ముగిసి అందరూ వెళ్ళిపోయాక, హాలుకు తాళం వేసే పని ప్రాంప్టరు మీద పడింది. దీపాలార్పి, అలవాటుకొద్దీ తెర పక్కనున్న తన కుర్చీలో కూలబడ్డాడాయన. ఏళ్ళ తరబడి అక్కడి నుంచే ఆమెకు మాటలు అందించాడు. వేషమంటే ప్రాణం పెట్టే మనిషి ఆమె. ఒళ్ళు కాలిపోయే జ్వరంలోనూ ముఖానికి రంగు పడితే చాలు, లేచి కూర్చునేది. కొత్తవాళ్ళు తడబడితే తన మాటలు మింగేసి మరీ వాళ్ళను గట్టెక్కించేది. ఆమెను పూడ్చేటప్పుడు ఆఖరి వేషంలోని శాలువానే ఒంటి మీద కప్పారు.

కళ్ళు తుడుచుకుంటుండగా, చీకటి వేదిక మీద ఎవరో కాలి బొటనవేలితో చెక్కను తట్టిన చప్పుడైంది. మాట మరిచిపోతే అక్కయ్య అలాగే తట్టేది.

మళ్ళీ తట్టిన చప్పుడు. ఆయన నోరు తనంతట తానే ఆఖరి అంకంలోని మాట అందించింది.

"వెళ్ళొస్తానమ్మా, దీపం ఉంచండి," అని పలికింది ఆమె గొంతు. ఆ వెంటనే, "తర్వాతేంట్రా తమ్ముడూ?" అంది.

"నాటకం అయిపోయిందక్కయ్యా," అన్నాడాయన.

"అయిపోతే మరి నన్నెవరూ ఇంటికి రమ్మనరేం?"

ఆ గొంతులో కోపం లేదు, ఎప్పటి మెత్తదనమే. అందుకే ఆయనకు మరింత భయమేసింది. బయటికి పోవాలంటే వేదిక దాటాలి. కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాడు. చెక్కలు కిర్రుమంటూ అడుగులు కుర్చీ వెనక్కి వచ్చి ఆగాయి.

"వణికిపోతున్నావు కదరా."

ఆయన భుజాల మీద శాలువా ఒకటి మెల్లగా వాలింది. అది తడిమట్టి వాసన వేసింది.