అత్తగారి జవాబులు

"ఈ నాలుగు దండలూ వేడినీళ్ళు చూళ్ళేదు," అంది కినుయో.

ఎండడానికి చూరు కింద వేలాడదీసిన పర్సిమన్ కాయల దండల్ని ఒక్కొక్కటే దించి ఆమె అరుగు మీద పడేస్తోంది. చెక్కు తీసిన కాయల్ని తాడుకు కట్టాక ఒక్కసారి మరిగే నీళ్ళలో ముంచి తీయాలి. ఆ తర్వాతే చూరుకు ఎక్కించాలి. ముంచకపోతే వారం తిరక్కుండా బూజు. ఆ లోయలో పసిపిల్లనడిగినా చెబుతుంది. కోడలు మిహోకో ఎనిమిదేళ్ళుగా ఆ పనే చేస్తోంది.

"ముంచాననే అనుకున్నాను అత్తయ్యా."

"అనుకుంటే బూజు ఆగుతుందా?"

"మరిచిపోతానని అరచేతిలో రాసుకున్నాను కూడా. గిన్నెలు కడిగితే చెరిగిపోయింది."

"ఈసారి నుదుటి మీద రాసుకో. అది మేమైనా చదువుతాం."

మిహోకో నవ్వలేదు, ఏడవనూ లేదు. రెండిటికీ ఓపిక లేదు. బూజు పట్టిన కాయల్ని బుట్టలోకి ఏరడం మొదలుపెట్టి, సగంలో ఆపి, ఏప్రన్ జేబులోంచి నాలుగు మడతల కాగితం తీసి అత్త ముందు పెట్టింది. మూడు రోజులుగా అది ఆ జేబులోనే ఉంది. ఇంకెక్కడ పెట్టినా పోతుందని ఆమె భయం.

"ఏమిటిది?"

"టౌన్లో డాక్టరు ఇచ్చాడు. నేను ఎలాంటిదాన్నో ఇంట్లో పెద్దవాళ్ళు చెప్పాలట. రేపు పొద్దున బస్సుకు పోవాలి. ఇది నింపకపోతే చూడడు. మళ్ళీ వరస రావాలంటే నాలుగు నెలలు."

"మతిమరుపుకు కూడా డాక్టరా?"

"మతిమరుపు ఒక్కటే కాదట. మనసు ఒకచోట నిలవని జబ్బు ఉంటుందట. ఆడవాళ్ళలో పైకి తెలీదట. నాది జబ్బో, బద్ధకమో తేల్చి చెబుతానన్నాడు."

"బద్ధకమని తేలితే?"

"తేలితే ఇక నా వల్ల కాదు అత్తయ్యా. మా అక్క దగ్గరికి వెళ్ళిపోతాను. మీరూ, మీ అబ్బాయీ హాయిగా ఉండొచ్చు."

కోపంగా అనలేదు. మోసిన గంప దించుతున్నట్టు అంది. కినుయో కాసేపు కోడలి వంక చూసి, కత్తి తీసుకుని ఇంకో కాయ చెక్కడం మొదలుపెట్టింది. చెక్కు తెగకుండా ఒకటే పాయగా ఒళ్ళోకి దిగింది.

"నా చేతులన్నీ జిగురు. నువ్వే చదువు, నువ్వే రాయి. డాక్టరుకు చెప్పినట్టే చెబుతాను."

మిహోకో చదివింది. "మొదలుపెట్టిన పని సగంలో వదిలేస్తారా?"

"వదిలేస్తుంది. నీళ్ళు పొయ్యి మీద పెట్టి, తాడు కోసమని కొట్టంలోకి పోయింది. అక్కడ పాత పేపర్లు కనబడ్డాయి. చదువుతూ కూర్చుంది. ఇక్కడ గిన్నె మాడి అడుగు ఊడింది. రాయి."

మిహోకోకు గుర్తు రాలేదు. మాడిన గిన్నెలు చాలానే ఉన్నాయి, వాటిలో ఒకటై ఉంటుంది. మరిచిపోయే మనిషి, కాదని ఏ నోటితో అంటుంది? రాసింది.

"వస్తువులు పోగొట్టుకుంటారా?"

"పోగొట్టదు, దాస్తుంది. దాచిన చోటు మరిచిపోతుంది. కాగితాల మీద వేసే ఇంటి ముద్ర వారం రోజులు కనబళ్ళేదు. ఇల్లంతా తలకిందులు చేస్తే చివరికి సోయా ముద్ద ఊరబెట్టిన మిసో జాడీలో తేలింది."

"మిసో జాడీలోనా?"

"మరి అలాంటి చోట్లనే గదా దొరికేది. రాయి."

పెన్ను బరువుగా కదిలింది. "ఎదుటివాళ్ళు మాట్లాడుతుంటే పరధ్యానంగా ఉంటారా?"

"అత్త మాట్లాడుతుంటే కొండకేసి చూస్తూ ఉంటుంది. వీపు మీద ఒకటి పడితేగానీ ఈ లోకంలోకి రాదు."

మిహోకో తలెత్తింది. అత్తది నోటిదురుసే గానీ, ఈ ఎనిమిదేళ్ళలో చెయ్యెత్తిన రోజు లేదు. మాటవరసకు అంది కాబోలు అనుకుని, వీపు సంగతి వదిలేసి మిగతాది రాసింది.

"ఇదంతా చదివితే డాక్టరే నన్ను మా అక్క దగ్గరికి పొమ్మంటాడు."

"ఇంకా ఎన్నున్నాయి?"

"ఒక్కటే. ఈ తీరు వల్ల ఇంట్లోవాళ్ళకు ఎప్పుడైనా ప్రమాదం వచ్చిందా?"

కత్తి ఆగింది. కినుయో దాన్ని పక్కన పెట్టింది. ఈసారి గొంతులో వెటకారం లేదు.

"వచ్చింది. వరికోతల రోజు. బిడ్డ కనబడలేదని వాగు దాకా పరుగెత్తింది. చేలల్లో వాళ్ళంతా కొడవళ్ళు పారేసి వెనకాలే వచ్చారు. అది మొలలోతు నీళ్ళలో దిగి, ఏడుస్తూ, రాళ్ళ సందులన్నీ తడుముతోంది. బిడ్డేమో దాని వీపున నిద్రపోతున్నాడు. పొద్దున తనే కట్టుకుంది. ఇంకో అడుగు లోతుకు పోయుంటే వాడి మొహం మునిగేది. అందరూ నవ్వారు. అదీ నవ్వింది. తర్వాత నెలరోజులు దానికి ముద్ద దిగలేదు. ఎందుకని ఒక్కరూ అడగలేదు. రాయి."

మిహోకో రెండు మాటలు రాసి ఆగిపోయింది.

"అత్తయ్యా, మాకింకా పిల్లల్లేరు కదా."

కినుయో చెక్కు తీసిన కాయను తాడుకు బిగించింది. కోడలి మొహం చూడలేదు.

"ఆ కాగితం నాది. రేపు ఇద్దరం పోయి, నీకు ఇంకోటి అడుగుదాం."