కౌబాయ్ కూర్మయ్య గుర్రం

"గుర్రం!" అని అరిచి కూర్మయ్య ఎడమ చేత్తో చెంచాను తోసేశాడు. గంజంతా దుప్పటి మీద ఒలికిపోయింది.

"నాన్నా, నీ కాళ్ళట్టుకుంటాను. ఒక్క సెంచా తాగు," అన్నాడు కొడుకు ఆనంద్‌కుమార్.

కూర్మయ్య పళ్ళు బిగించేశాడు. పక్షవాతం వచ్చి నోరు వంకరపోయిన దగ్గర్నుంచీ ఆయన నోట వస్తున్నది ఆ ఒక్క మాటే. తిండి లేదు, మందు లేదు. ఆ శ్రీకాకుళం ఆసుపత్రి డాక్టరు దాపరికం లేకుండా చెప్పేశాడు.

"గొంతు బాగానే ఉందయ్యా, మింగగలడు. కావాలనే మానేస్తున్నాడు. సాయంత్రం దాకా చూస్తాను. అప్పటికీ తినకపోతే చేతులు మంచానికి కట్టి ముక్కులోంచి గొట్టం వెయ్యాలి. పొద్దున వేస్తే పీకేసుకున్నాడు, రక్తం చూశావుగా. ఈ ఒంట్లో ఇంకోసారి తట్టుకునే ఓపిక ఉందని నేను చెప్పలేను."

గుర్రమంటే ఏ గుర్రమో నరసన్నపేటలో ఎవర్నడిగినా చెబుతారు. 'ఎర్రమట్టి కనుమ'లో గుర్రం. అమెరికా వాళ్ళు ఏ కాలంలోనో తీసిన కౌబాయ్ సీరియల్ అది. తెలుగు మాటలు పెట్టి ఆదివారాలు టీవీలో వేసేవారు. అందులో హీరోకి ఇల్లు లేదు, పెళ్ళాం లేదు, ఉన్నదల్లా ఒక గుర్రం. పాపం దానికి పేరు కూడా లేదు. "పద గుర్రం, పొద్దు వాలిపోతోంది" అంటాడు, అది దుమ్ము లేపుకుంటూ పోతుంది. కూర్మయ్య ఈనాటికీ ఆ మాట అనకుండా స్కూటర్ స్టార్ట్ చెయ్యడు. కొట్టు బోర్డు మీద కౌబాయ్ బొమ్మ, ఆయన నెత్తి మీద కౌబాయ్ టోపీ. ఉల్లిపాయల వర్తకుడికి ఈ వేషమేమిటయ్యా అంటే వింటేగా!

కోడలు ఝాన్సీ ఫోనులో వెతికి సీరియల్ పట్టుకుంది. ఎక్కడెక్కడి వాళ్ళో ఇంకా దాని కోసం పడిచస్తున్నారు. టోపీలు పెట్టుకుని ఏటా ఒకచోట కలుస్తారట కూడాను.

"మావయ్యా, ఇదిగో నీ గుర్రం, సూడు."

కూర్మయ్య చూశాడు. కళ్ళు మూసుకున్నాడు. "గుర్రం!" అన్నాడు.

"ఇంగ్లీషులో ఉన్నాది కదే, అందికే ఎక్కలేదు. తెలుగుది కావాల," అన్నాడు ఆనంద్.

తెలుగుది ఎక్కడ దొరుకుతుంది? తెలిసిన వాళ్ళందరికీ ఫోన్లు చేశాడు. ఎవరూ దాచుకోలేదు. చివరికి గజపతినగరంలో పూర్వం కేబుల్ నడిపిన ఎర్రన్న దగ్గర ఒక క్యాసెట్ ఉండొచ్చని తెలిసింది. ఆయన నంబరు కోసం వరండాలోకి పరిగెత్తాడు.

వార్డు గుమ్మం పక్కన తల్లి కూర్చుని ఉంది. ఈవిడ ఏడుపు చూస్తే ఆయనకి బీపీ పెరుగుతుందని డాక్టరు లోపలికి రానివ్వలేదు.

"ఏటంటన్నాడ్రా?"

"గుర్రమేనమ్మా."

"నన్నడగనేదా?"

"నేదే."

"పెళ్ళైన కాణ్ణించీ నాకు 'ఒసే' తప్ప ఇంకో పిలుపు తెల్దు. ఆ ఒసే కోసమే ఈ గుమ్మం కాడ సెవులప్పగించి కూకున్నాను. పేనం మీదకొచ్చినా గుర్రమే కావాలేట్రా ఈ మనిషికి!" అని ఆవిడ బావురుమంది. ఆనంద్‌కి ఓదార్చే తీరిక ఏది?

వీడియో కాల్‌లో ఎర్రన్న లబలబలాడాడు. "కూర్మయ్య బావకా! అయ్యో! ఉండు బాబూ, క్యాసెట్ ఎడతాను. ఈ సీరియలొస్తంటే మా ఊరి సంతలో బేరాలాగిపోయీవి. ఇగో, సూపించు బావకి!"

ఎర్రన్న తన ఫోనును పాత టీవీ ముందు పట్టుకున్నాడు. గీతలు గీతలుగా కొండ కనబడింది, ఎర్రటి దుమ్ము కనబడింది. "పద గుర్రం, పొద్దు వాలిపోతోంది!" అని అచ్చ తెలుగులో హీరో గొంతు ఖంగుమంది. వార్డులో రోగులంతా ఇటే తిరిగారు.

కూర్మయ్య ఫోను వంక చూశాడు. గుమ్మం వంక చూశాడు. కళ్ళ వెంట నీళ్ళు కారిపోయాయి. ఒక్క దెబ్బ వేశాడు, ఫోను ఎగిరి కింద పడింది.

"గుర్రం! గుర్రం!"

"ఏటైంది బాబూ? ఇది కాదా గుర్రం?" అంటున్నాడు ఎర్రన్న నేల మీంచి.

ఆనంద్ మంచం కోడు పట్టుకుని కూలబడ్డాడు. "ఏ గుర్రం నాన్నా? ఏ గుర్రం కావాలో సెప్పు! సచ్చి మళ్ళీ నీ కడుపునే పుడతాను, సెప్పు నాన్నా!" అని వలవలా ఏడ్చాడు. చెప్పగలిగితే ఆయన ఎప్పుడో చెప్పేవాడు.

డాక్టరు వచ్చాడు. వెనకాల గొట్టం, చేతులు కట్టే గుడ్డపట్టీలు వచ్చాయి. ఇక ఆగలేనన్నాడు. గొట్టం వేసే ముందు ఒక్కసారి మా అమ్మని చూసుకోనివ్వండని ఆనంద్ బతిమాలాడు. ఆయన సరేనన్నాడు.

"అమ్మా, రాయే. ఓపాలి సూసుకో," అన్నాడు ఆనంద్ గుమ్మంలోకి వచ్చి.

ఆవిడ కొంగుతో కళ్ళు తుడుచుకుని లేచింది. నర్సు దుర్గాభవాని అడ్డంగా చెయ్యి పెట్టింది.

"పాసు నేకుండా పంపితే నన్ను తిడతారు మామ్మా. నీ పేరు సెప్పు, ఇప్పుడే రాసిచ్చేస్తాను."

ఆవిడ ఏదో గొణిగింది.

"ఇనబడ్డం నేదు. గట్టిగా సెప్పు."

"గురమ్మ," అంది ఆవిడ.

లోపల మంచం మీంచి కూర్మయ్య కూడా అదే అన్నాడు.