వెనక నుంచి అడిగిన ప్రశ్న

“నడుం నిటారుగా పెట్టు. కూర్చునే తీరుకే సగం మార్కులు,” అంది అక్క, ఎర్ర కలం ఝుళిపిస్తూ.

“నేను నీ ఐదో తరగతి పిల్లాణ్ణి కాదక్కా!” నవ్వాడు తమ్ముడు.

ఆరేళ్లుగా చిన్న విమానాలు నడుపుతున్నాడు. ఎల్లుండి పెద్ద ఎయిర్‌లైన్స్‌లో ఇంటర్వ్యూ. వారం నుంచి అక్క ఎదురుగా కూర్చుని ప్రశ్నలు అడుగుతోంది, అతను తడుముకోకుండా జవాబులు చెబుతున్నాడు.

“చివరి ప్రశ్న,” అంటూ లేచింది. నడుస్తూ ప్రశ్న చదవడం బడిలో అలవాటు. అతని కుర్చీ వెనక్కి వెళ్లి చదివింది. “తోటి పైలట్ తన జబ్బు దాస్తున్నాడని మీకు తెలిసింది. చెప్పొద్దని బతిమాలాడు. ఏం చేస్తారు?”

అతను పలకలేదు. ఎదురుగా ఖాళీ కుర్చీని చూస్తూ టై సర్దుకుంటున్నాడు.

గొంతు పెంచి మళ్లీ చదివింది. కిటికీ మీది పిట్ట ఎగిరిపోయింది గానీ అతను కదల్లేదు.

వారమంతా తన మొహం మీంచి చూపు తిప్పకపోతే శ్రద్ధ అనుకుంది. అతను చూసింది పెదాలని.

నెమ్మదిగా వచ్చి ఎదురుగా కూర్చుంది.

“అడగవేంటక్కా?”

మూడోసారి అడిగింది. ఈసారి జవాబు తడుముకోకుండా వచ్చింది.

“వెంటనే పైవాళ్లకి చెబుతాను సార్. తోడబుట్టినవాడైనా సరే. వెనక కూర్చున్న రెండొందల మందికి ఆ సంగతి తెలీదు కదా!”

ఆమె చేతిలో కలం ఆగిపోయింది.

“పదికెంత అక్కా?”

ఆమె కాగితం నోటికి అడ్డం పెట్టుకుంది.

“ఎన్నాళ్ల నుంచిరా?”

తమ్ముడు నవ్వుతూ మార్కుల కోసం చూస్తున్నాడు.