మీది ఏ ఊరు?

'టు-లెట్' బోర్డు గేటుకు వేలాడుతూనే ఉంది.

ఇంటావిడ మాత్రం, "నిన్ననే ఇచ్చేశామండీ" అని తలుపు వేసుకుంది. ఆవిడ చూపు తన వెనక నిలబడ్డ ఆఫ్రికా అమ్మాయి మీద ఒక్క క్షణం ఆగడం అరుంధతి గమనించింది.

ఆ అమ్మాయి పేరు నీమా. పరిశోధన కోసం టాంజానియా నుంచి యూనివర్సిటీకి వచ్చింది. అలా వచ్చినవాళ్లకు ఇల్లు చూసిపెట్టడం, పోలీసు రిజిస్ట్రేషన్ చేయించడం అరుంధతి ఉద్యోగం.

తెలంగాణ ఉద్యమం భగ్గుమంటున్న రోజులు. హాస్టళ్లు మూసేశారు. ఇంటి అడ్రసు లేకపోతే రిజిస్ట్రేషన్ కాదు. అది కాకపోతే నీమా తిరుగు విమానం ఎక్కాల్సిందే.

"నేను వెళ్లిపోవాలా మేడమ్?" ఇంగ్లీషులో అడిగింది నీమా.

యూనివర్సిటీ పక్కనున్న తార్నాక అంతా తిరిగి తిరిగి అలిసిపోయిన అరుంధతి, "రేపు మళ్లీ చూద్దాం" అంది.

మర్నాడు ఆఫీసు మెట్ల మీద బిక్షం కూర్చుని ఉన్నాడు.

అరవై దాటిన మనిషి. ఆర్నెల్లుగా రోజూ పొద్దున్నే క్యాంపస్‌లో కనిపిస్తాడు. దారి తెలియక తిరిగే విదేశీ పిల్లలు ఎదురైతే చాలు, వెంటబెట్టుకుని వెళ్లి దిగబెట్టి వస్తాడు. ఇళ్లూ చూపిస్తాడు. ఈ కాలంలో ఊరికే ఎవరు తిరుగుతారు? బ్రోకరే అయి ఉంటాడనుకుంది అరుంధతి.

"ఈ బిడ్డకు తార్నాకల మంచి రూమున్నది మేడమ్. మీద రూము. గాలి మస్తుగొస్తది."

"కమీషన్ ఎంత?"

బిక్షం నవ్వాడు. "గదేం లేదు మేడమ్. బిడ్డ మంచిగుంటే సాలు."

ఇంత తియ్యగా మాట్లాడేవాళ్లే నిండా ముంచుతారనుకుంది. కానీ వేరే దారి లేదు. ఇల్లు సారలమ్మ అనే ఆవిడ పేరు మీద ఉంది. కావలసిన సంతకాలు బిక్షమే పెట్టించుకొచ్చాడు. నీమాకు రిజిస్ట్రేషన్ అయిపోయింది.

కొన్నాళ్లకు బిక్షం మళ్లీ ఆఫీసుకు వచ్చాడు. కాసేపు నసిగి, "మేడమ్, మీది ఏ ఊరు?" అన్నాడు.

అరుంధతి చటుక్కున తలెత్తింది.

మామూలు రోజుల్లో అయితే "బందరు దగ్గరండీ" అని నవ్వుతూ చెప్పేది. ఇప్పుడు ఆ ప్రశ్న వింటేనే భయం. నోరు విప్పితే ఎక్కడ యాస పట్టేస్తారోనని కూరగాయల బండి దగ్గర కూడా వేలితో చూపించి కొనుక్కుంటోంది. ఆర్ట్స్ కాలేజీ ముందు, ఉద్యమంలో ప్రాణం పోయిన ఒక విద్యార్థి ఫ్లెక్సీ ఉంది. నినాదాలన్నీ అక్కడే మొదలవుతాయి. ఆ చోటుకు రాగానే తలొంచుకుని గబగబా దాటేస్తుంది.

"నా ఊరితో నీకేం పని?"

"గట్ల కాదు మేడమ్..."

వినిపించుకోలేదు. ఆ పూటే తార్నాక వైపు గేటుకు వెళ్లింది. అక్కడ కంచె వేసి, పని ఉన్నవాళ్లనే లోపలికి వదులుతున్నారు. ఫారినోళ్ల ఆఫీసుల పనున్నదని చెప్పి బిక్షం రోజూ వస్తున్నాడట.

"మా ఆఫీసులో అతనికి ఏ పనీ లేదు. రానివ్వకండి," అంది సెక్యూరిటీతో.

బిక్షం మళ్లీ కనిపించలేదు. పీడ వదిలిందనుకుంది.

నెల తిరక్కుండానే నీమా ఏడుస్తూ వచ్చింది. "బిక్షం అంకుల్ చనిపోయాడు మేడమ్."

"అయ్యో! అయినా బ్రోకర్ పోతే నీ ఇంటికేం కాదులే. భయపడకు."

నీమా తెల్లబోయింది. "బ్రోకరా? ఆ ఇల్లు వాళ్లదే. ఎప్పుడూ తాళం వేసి ఉండే గదిని నా కోసం తెరిచారు."

అరుంధతి చేతిలో పని వదిలేసి లేచింది. నీమాతో ఆటో ఎక్కింది.

సారలమ్మ గోడకు చేరగిలబడి కూర్చుని ఉంది. నీమా ఆమె పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంది.

"మీరేనా ఆఫీసు మేడమ్?" అంది సారలమ్మ. "మీ గురించి మా ఆయన మస్తు సార్లు జెప్పిండు. ఊరు గాని ఊర్ల బుగులు బుగులుగ, బెదురుకుంట తిరుగుతున్నది, ఇంటికి బువ్వకు పిలుద్దామన్నడు. ఏ ఊరో అడిగొస్త, ఆ దిక్కు కూరే వండమన్నడు."

ఆ ఒక్కమాట వినడానికి ఆ రోజు అరుంధతికి ఓపిక లేకపోయింది. సిగ్గుతో తల దించుకుంది.

"ఎలా పోయారమ్మా?" అని అడిగింది.

"యూనివర్సిటీ గేటు కాడ్నే కూలవడ్డడు. రానిస్తలేరని తెల్సినా రోజూ పోయెటోడు. ఎండల నిలవడి బతిమిలాడి మల్లొచ్చెటోడు."

"లోపల ఆయనకంత పనేముంది?"

"మా పోరడు లోపట్నే ఉన్నడు గద మేడమ్. పొద్దుగాల పోయి వాని మొకం మీద దుమ్ము తుడిసొస్తెగాని ఆయనకు ఛాయ్ గుటక దిగకపోయేది. పోరని పేరు జెప్పుకొని లోపటికి పోవుడు ఇష్టం లేకుండె. అందుకే మీ ఆఫీసు పేరు జెప్పెటోడు."

అరుంధతి తలెత్తి గోడ వైపు చూసింది.

బిక్షం ఫోటో పక్కన, వాడిన దండ వెనక నవ్వుతూ ఉన్నది, ఆర్ట్స్ కాలేజీ ముందు రోజూ తను తలొంచుకుని దాటిపోయే ఆ ఫ్లెక్సీలోని కుర్రాడు.